యూనివర్సిటీ మాస్టార్లు జనం కోసం రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడకీ గుంటూరుకీ మధ్య కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పే మిత్రులు ఈమధ్య నన్ను తిప్పితిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. నేను సివిల్ ఇంజనీరింగులో నీటి వనరుల పాఠం చెబుతాను. కొన్నేళ్లుగా నెట్‌లో సొంత పేజీ పెట్టుకుని తెలుగులో రాస్తున్నాను. దాన్ని బ్లాగంటారో, ఇంకేమంటారో మీ ఇష్టం. రైల్లో, స్టాఫ్ రూములో, స్పాట్ వాల్యుయేషన్లో టీ తాగుతూ అడిగినవన్నీ ఇక్కడ పోగేశాను. ఒక వరసంటూ ఏమీ లేదు.

జర్నళ్లకు రాస్తూనే ఉన్నాం కదా, మళ్లీ ఇదెందుకు?

దీనికి జవాబు నాకు 2024 సెప్టెంబరు మొదట్లో, బెజవాడ వరదల్లో ఒక రోజున దొరికింది. సింగ్‌నగర్ నీళ్లలో మునిగి ఉంది. పొద్దున్నించి ఫోన్లే ఫోన్లు. పాలబ్బాయి, పాత స్టూడెంట్లు, మా ఆవిడ వైపు చుట్టాలు, అందరిదీ ఒకటే మాట: "మాస్టారూ, బ్యారేజీ తెగిపోతుందంట, నిజమేనా?" ఎగువ నించి పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు తగిలాయి, గేట్లకు తూకంగా ఉండే కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. అంతవరకు నిజం. అది వాట్సాప్‌లో ఒక గ్రూపు నించి ఇంకో గ్రూపుకి వెళ్లేసరికి బ్యారేజీ మొత్తం కొట్టుకుపోయింది.

వరద ప్రవాహాల అంచనా మీద అప్పటికే నావి నాలుగైదు పేపర్లు అచ్చయ్యాయి. ఆ రోజు వాటిలో ఒక్క ముక్క ఎవరికీ పనికిరాలేదు. టీవీలో లక్షల క్యూసెక్కులు అని అరుస్తున్నారు. ఆ అంకె విని హడలిపోయినవాళ్లే గానీ, క్యూసెక్కంటే ఎంతో తెలిసినవాళ్లు మా వీధిలో ఇద్దరు ముగ్గురుంటే గొప్ప. కరెంటు వచ్చాక కూర్చుని ఒక పేజీ రాశాను. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు, అంటే 28.3 లీటర్లు. ఇంటికి తెప్పించుకునే ఇరవై లీటర్ల క్యాన్లు ఉంటాయి కదా, దాదాపు ఒకటిన్నర క్యాను. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర గరిష్ఠంగా నమోదైంది 11.43 లక్షల క్యూసెక్కులు. లెక్కేస్తే సెకనుకు 3 కోట్ల 23 లక్షల లీటర్లు. బ్యారేజీలో నిలిచే నీళ్లు మూడు టీఎంసీల చిల్లర (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఖాళీ బ్యారేజీని ఆ వరద ముప్పావు గంటలో నింపేస్తుంది. అందుకే గేట్లెత్తి వదలడం తప్ప దాచుకునే ప్రశ్నే లేదు. ఇక బ్యారేజీని డిజైన్ చేసింది 11.9 లక్షల క్యూసెక్కులకు. అంచుదాకా వచ్చింది గానీ అంచు దాటలేదు.

ఆ ముప్పావు గంట లెక్క అంతకుముందు నాకే ఎప్పుడూ తట్టలేదు. ఏళ్ల తరబడి రిజర్వాయర్ రూటింగ్, అంటే జలాశయంలోకి వచ్చిన వరద ఎప్పుడు ఎంత బయటికి పోతుందో లెక్కగట్టే పాఠం చెప్పాను, బోర్డు మీద సమీకరణాలు నింపాను, కానీ మా ఊరి బ్యారేజీ ఎంతసేపట్లో నిండుతుందని ఏ స్టూడెంటూ అడగలేదు, ఏ జర్నల్ రివ్యూయరూ అడగలేదు. పాలబ్బాయి అడిగాడు. ఎందుకు రాయాలంటే నేను చెప్పేది ఇదే. మన సబ్జెక్టులో మనకు తట్టని ప్రశ్నలు బయటివాళ్ల దగ్గర ఉంటాయి. మిగతా లాభాలన్నీ దీని తర్వాతే.

ప్రమోషన్‌కి పాయింట్లు వస్తాయా?

రావు. 2018 యూజీసీ నిబంధనల్లో రీసెర్చ్ స్కోరు పట్టిక ఉంది, చూడండి. పేపరుకి సైన్సు, ఇంజనీరింగు వాళ్లకి 8, భాషలు, సామాజిక శాస్త్రాల వాళ్లకి 10. జాతీయ స్థాయి ప్రచురణకర్త పుస్తకం వేస్తే 10. అనువాదానికి కూడా ఇచ్చారు, పుస్తకానికి 8, అధ్యాయానికో పేపరుకో 3. నెట్‌లో జనం కోసం రాసినదానికి గడే లేదు. ప్రమోషన్ ఇంటర్వ్యూకి ఫైలు కడుతున్నవాళ్లు ఆరు నెలలు ఇటువైపు చూడకపోయినా తప్పులేదు. ముందు ఆ పని కానివ్వండి.

ఒక్కటి మాత్రం అనాలి. పాయింట్లొచ్చే దారి కూడా అంత పవిత్రమైనదేం కాదు. డబ్బు కట్టించుకుని ఏది పంపినా వేసేసే పత్రికలు పెరిగిపోయాయనే కదా యూజీసీ, నమ్మదగిన పత్రికలివీ అని కేర్ జాబితా తెచ్చింది. 2025లో ఆ జాబితాని కూడా పక్కన పెట్టి, మంచి చెడ్డలు మీరే చూసుకోండని యూనివర్సిటీలకు వదిలేసింది. వేలకు వేలు కట్టి అచ్చేయించుకున్న పేపరుని రాసినవాడు తప్ప ఇంకొకడు చదవడు. ఆ పేపరుకి పాయింట్లుంటాయి, పాఠకులుండరు. నెట్‌లో నా పేజీది సరిగ్గా తిరగేసిన కథ.

పోనీ పరిశోధనకైనా ఉపయోగపడుతుందా?

కొన్నిసార్లు చాలా. 2009 జనవరిలో కేంబ్రిడ్జి గణిత ఆచార్యుడు తిమొతీ గవర్స్ తన బ్లాగులో ఒక గట్టి లెక్క పెట్టి, అందరం కలిసి చేద్దాం రండని పిలిచాడు. ఆయన అప్పటికే గణితంలో పెద్ద బహుమతి ఫీల్డ్స్ మెడల్ తీసుకున్న మనిషి. పెద్ద ప్రొఫెసర్లతో పాటు స్కూలు టీచర్లు కూడా చేరారు. సుమారు ఏడు వారాల్లో లెక్క తేలింది. పేపరు మీద ఎవరి పేరూ వెయ్యకుండా డి.హెచ్.జె. పాలిమత్ అని ఉమ్మడి పేరు పెట్టుకున్నారు.

ఇంకొకటి నాకు మరీ ఇష్టమైన కథ. 2010 డిసెంబరులో సైన్స్ పత్రికలో, కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన ఒక బ్యాక్టీరియా ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ వాడుకుని బతుకుతోందని పేపరు వచ్చింది. నాసా ప్రెస్‌మీట్ పెట్టి మరీ చెప్పింది. రోజుల వ్యవధిలో కెనడాలో రోజీ రెడ్‌ఫీల్డ్ అనే మైక్రోబయాలజీ ప్రొఫెసరు తన సొంత పేజీలో ఆ ప్రయోగంలో లోపాలు ఒక్కొక్కటీ విప్పి చూపించింది. తర్వాత తనే ప్రయోగం చేసి 2012లో అదే పత్రికలో వేయించింది. అసలు పేపరుని ఆ పత్రిక 2025 జులైలో ఉపసంహరించుకుంది. పత్రికకి పద్నాలుగేళ్ల పైన పట్టిన పని ఆవిడ మొదటి వారంలోనే మొదలుపెట్టింది.

మనకి అంత జరుగుతుందని కాదు. నాకు జరిగింది చిన్నదే. వరద మీద రాసిన ఆ పేజీ చూసి రిటైరైన కాలవ లస్కరు (కాలవల మీద నీళ్లు చూసుకునే ఉద్యోగి) ఒకాయన ఫోన్ చేశారు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరు వాగు మళ్లింపు కాలవ నీళ్లు నదిలో కలవలేక వెనక్కి వస్తాయని నేను రాశాను. దానికి ఇంగ్లీషులో ఉన్న బ్యాక్‌వాటర్ ఎఫెక్ట్‌ని మార్చి మార్చి నాలుగు వాక్యాలు చేశాను. ఆయన ఒక్క ముక్కలో తేల్చారు: "నీళ్లు ఎగదన్నినయ్యని రాయండి మాస్టారూ, అందరికీ తెలుస్తది." మాట కోసం ఫోన్ చేసిన మనిషి గంటసేపు మాట్లాడి, ఏ ఏడు ఎక్కడిదాకా ఎగదన్నిందో గుర్తులు చెప్పారు. ఫలానా గుడి మెట్టు, ఫలానా కల్వర్టు. ఆ గుర్తులు ఏ రికార్డులోనూ లేవు. ఇప్పుడు మా ఎంటెక్ కుర్రాడి ప్రాజెక్టు దాని మీదే నడుస్తోంది.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా?

మీరు కలుపుకోవాలనుకునేది జర్మనీలో ఉన్న సాటి పరిశోధకుణ్ణి అయితే ఇంగ్లీషు. ప్రత్తిపాడు రైతునైతే తెలుగు. దీనికి గొడవెందుకో నాకు అర్థం కాదు. "తెలుగులో సైన్సు రాస్తే గ్రామర్ స్కూలు మాస్టారిలా ఉంటుంది సార్" అని ఒక లెక్చరర్ మిత్రుడన్నాడు. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లోనే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో వేయించారు. మన బెజవాడ అయ్యదేవర కాళేశ్వరరావు గారు అందులో ఉన్నవారే. లక్ష్మణరావు గారు ఆ తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, 'అ' అక్షరం దాటకుండానే 1923లో పోయారు. అణుశాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు, మహీధర నళినీమోహన్ గారు ల్యాబుల్లో పనిచేస్తూనే బళ్లో పిల్లలకి అర్థమయ్యేలా తెలుగులో రాశారు. వాళ్ల వాక్యం ఎక్కడా గ్రామర్ మాస్టారిలా ఉండదు.

సాంకేతిక పదాలకి తెలుగు ఏది?

ముందు ఆ పని చేసేవాళ్లు ఏమంటున్నారో వినండి. తూము, అలుగు, లాకులు, గండి, కరకట్ట, ఇవన్నీ నా సబ్జెక్టులో ఎప్పటినించో ఉన్న మాటలే. లేనిచోట క్యూసెక్కు, టీఎంసీ, బ్యారేజీ అని ఉన్నదున్నట్టు రాసేస్తాను. నిఘంటువు చూసి 'జలాశయ ప్రవాహ మార్గణం' లాంటివి కల్పించకండి. మీకూ అర్థం కాదు, వాళ్లకీ కాదు.

ఏం రాయాలో తోచదండీ. నా టాపిక్ మరీ ఇరుకు.

మీ టాపిక్ ఇరుకైంది అనుకునేది మీ గైడు గారు పెట్టిన టైటిల్ వల్ల. దాన్ని మర్చిపోయి, మీ ఊళ్లో మిమ్మల్ని జనం ఏమడుగుతారో అక్కణ్ణించి మొదలుపెట్టండి.

కీటకశాస్త్రం వాళ్లున్నారు. 2021-22 సీజన్లో గుంటూరు జిల్లా మిరప తోటల్ని నల్ల తామర పురుగు ఊడ్చేసింది. శాస్త్రీయంగా త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా పురుగు, మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. పూలలో చేరి రసం పీలుస్తుంది, పూత రాలిపోతుంది. ఆ ఏడాది రైతు ఎవర్ని అడిగాడు? పురుగుమందుల కొట్టాయన్ని. ఆయన ఇచ్చిన డబ్బా కొట్టాడు, వారం తిరక్కుండా ఇంకో డబ్బా. వరసగా మందులు కొడితే ఆ పురుగుని తినే మిత్ర పురుగులు ముందు చచ్చాయి. నీలిరంగు జిగురు అట్టల సంగతి, పొలం గట్టున అడ్డుపంట సంగతి తెలిసినవాళ్లు లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో, యూనివర్సిటీల్లో లేరా? ఉన్నారు. వాళ్లకి తెలిసిందంతా ఇంగ్లీషు పీడీఎఫ్‌లో ఉండిపోయింది. వ్యవసాయ విస్తరణ వాళ్లు తిరిగారు, కాదనను. కానీ అర్ధరాత్రి ఫోన్లో "మిరప పువ్వులో నల్ల పురుగు" అని వెతికిన రైతుకి ఏం దొరికిందనేది ప్రశ్న.

చరిత్ర వాళ్లకైతే కొదవే లేదు. 1892లో అలెగ్జాండర్ రియా భట్టిప్రోలు స్తూపం తవ్వితే బయటపడిన ధాతు కరండాల (బౌద్ధ ధాతువులు దాచిన పెట్టెల) మీద రాతలు లిపి చరిత్రలో ఎంత ముఖ్యమో మీకు తెలుసు. భట్టిప్రోలు బస్టాండులో నిలబడి ఒక కుర్రాణ్ణి అడగండి, తెలియదు. వాడి తప్పు కాదు. మీ థీసిస్ యూనివర్సిటీల థీసిస్‌లన్నీ పెట్టే శోధ్‌గంగ సైటులో ఉంది, వాడు శోధ్‌గంగ అనే మాటే వినలేదు. అందులోంచి ఒక అధ్యాయం తీసుకుని, ఒక్క కరండం గురించి, దాని మీద ఒక్క అక్షరం గురించి రాయండి. ఆ 'మ' మిగతా బ్రాహ్మీ 'మ'లా ఎందుకు లేదు? దీనికి రెండు పేజీలు చాలు.

నా పద్ధతి చెప్తాను. చొక్కా జేబులో చిన్న నోట్‌బుక్కు ఉంటుంది. ఆటోలో, పెళ్లిలో, బ్యాంకులో నన్ను ఎవరైనా నా సబ్జెక్టు గురించి ఏమడిగినా వాళ్ల మాటల్లోనే రాసుకుంటాను. "బోరు నీళ్లు ఎండాకాలంలో ఎందుకు ఉప్పగా అయితయి?" ఇది మా ఇస్త్రీ ఆయన ప్రశ్న. జవాబు రాయడానికి పదకొండు రోజులు పట్టింది, మూడు పాత పుస్తకాలు తిరగేయాల్సి వచ్చింది.

పేపరు అచ్చవకముందే ఇలా బయటపెడితే ఇబ్బందా?

ఇక్కడ మాత్రం జాగ్రత్త. మూడు రకాల ప్రమాదాలు ఉన్నాయి, మూడూ వేరు.

పేటెంటు తీసుకునే ఆలోచన ఉంటే, దరఖాస్తు పెట్టకముందు ఒక్క ముక్క రాయకండి. మీరే బయటపెట్టినా సరే, లోకానికి తెలిసిపోయింది కాబట్టి కొత్తది కాదంటారు. మన పేటెంటు చట్టంలో ఉన్న మినహాయింపులు చాలా ఇరుకు, మీ పేజీకి అవి వర్తిస్తాయని ఆశ పెట్టుకోకండి.

రెండోది జర్నళ్లు. ముందే ఎక్కడో వచ్చినదాన్ని వెయ్యం అనే పట్టింపు కొన్నిటికి ఉంది. 1969లో ఒక అమెరికన్ వైద్య పత్రిక ఎడిటర్ ఇంగెల్‌ఫింగర్ పెట్టిన నియమం ఇది, ఆయన పేరే దానికి ఉండిపోయింది. ఇప్పుడు చాలా పత్రికలు ప్రిప్రింట్లని (అచ్చుకి ముందే నెట్‌లో పెట్టిన పేపర్లని) ఒప్పుకుంటున్నాయి గానీ, మీరు పంపబోయే పత్రిక ఏమంటుందో ముందు చదువుకోండి. అచ్చయ్యాక రాయడం అన్నిటికన్నా సుఖం.

మూడోది పీహెచ్‌డీ పిల్లలకి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌కి వేరే రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, అక్కణ్ణించి 40 దాకా ఒక మెట్టు, 60 దాకా ఇంకోటి, ఆపైన ఇంకోటి. మీరు నెట్‌లో పెట్టిన పేరానే థీసిస్‌లో దించితే సాఫ్ట్‌వేర్ ఎర్రగీత కొడుతుంది. అది మీ పేరానే అని రుజువు చేసుకోవడానికి ఎంత తిరగాలో మా స్టూడెంటు ఒకమ్మాయిని అడగండి. ఇంగ్లీషు థీసిస్, తెలుగు వ్యాసం అయితే ఈ బెడద అసలుండదు. తెలుగులో రాయడానికి ఇదీ ఒక కారణమే, కాస్త దొంగ కారణం.

ప్రభుత్వం మీద ఏదైనా రాయాల్సి వస్తే?

మీ సర్వీసు రూల్సు తీసి చదవండి. ప్రభుత్వ కాలేజీ వాళ్లకి 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది, యూనివర్సిటీ వాళ్లకి ఎవరివి వాళ్లకి. మామూలుగా సాహిత్యం, శాస్త్రం రాసుకోవడానికి అభ్యంతరం ఉండదు, ప్రభుత్వ విధానాన్ని విమర్శించడం దగ్గర గీత ఉంటుంది. నేను గీత దగ్గర ఎలా నడుస్తానంటే, అంకెలూ కారణాలూ రాస్తాను, మనుషుల పేర్లు రాయను. బుడమేరు పాత దారిలో ఎన్ని ఇళ్లు లేచాయో మ్యాపుల్లో కనిపిస్తుంది. లేవనిచ్చింది ఎవరో చదివినవాడికి తెలుసు.

తప్పు రాస్తే పరువు పోదా?

పోతుంది, కొంచెం. ఒకసారి ఒక టీఎంసీ అంటే 283 కోట్ల లీటర్లని రాశాను. అసలు 2,831 కోట్లు. పాలిటెక్నిక్ రెండో ఏడు చదివే అమ్మాయి "సార్, సున్నా మిస్సయినట్టుంది" అని మెసేజ్ పెట్టింది. మూడు వారాలుగా అది అలాగే ఉంది, అప్పటికే ఎంతమంది చదివారో. రహస్యంగా దిద్దేద్దామని మొదట బుద్ధి పుట్టింది, ఒప్పుకుంటున్నాను. తర్వాత పైనే తేదీతో సహా రాశాను, ఇక్కడ తప్పు ఉండేది, ఫలానా రోజు దిద్దాను అని. మీరూ అలాగే చెయ్యండి. క్లాసులో బోర్డు మీద తప్పు పడితే తుడిచి మళ్లీ రాస్తాం కదా.

వాట్సాప్‌లో పెడితే చాలదా?

చాలదు. వారం తర్వాత మీకే దొరకదు. వరద రోజు ఎవరో రాసిన మంచి వివరణ ఒకటి మా గ్రూపులో వచ్చింది, ఇప్పుడు ఎంత వెతికినా లేదు. ముందు నెట్‌లో మీ పేరు మీద ఒకచోట పెట్టి, లింకు వాట్సాప్‌లో పంపండి.

నా దగ్గర తెలుగు వ్యాసాలు ఇరవయ్యేళ్లవి డీటీపీ ఫైళ్లలో ఉన్నాయి. అవే ఎక్కించేయనా?

తెలుగు శాఖ వాళ్లంతా అడిగే ప్రశ్న ఇది. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసినదాన్ని కంప్యూటరు తెలుగుగా గుర్తించదు. తెర మీద తెలుగే కనిపిస్తుంది, లోపల మాత్రం పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. అందుకే ఎవరు వెతికినా దొరకదు, ఫోన్లో తెరిస్తే చెత్త. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర, 'క్ష' దగ్గర తప్పులు వస్తాయి, కూర్చుని దిద్దుకోవాలి. టైపింగు బద్ధకమైతే ఫోన్లో మైకు నొక్కి చదవండి. 'బుడమేరు'ని 'గుడి మేరు' చేస్తుంది, అయినా సగం శ్రమ తప్పుతుంది.

ఎంత పొడుగు? ఎన్నాళ్లకోసారి?

విషయం ఎంతుంటే అంత. నెలకొకటి రాసినా గొప్పే. పరీక్షల సీజన్లో నేను మూడు నెలలు ఏమీ రాయను.

ఏఐతో రాయించుకోవచ్చా?

అక్షర దోషాలు చూపించమనండి, తప్పులేదు. రాయించుకుంటే మాత్రం లస్కరు ఫోన్ చేసినప్పుడు మాట్లాడాల్సింది మీరే.

మా హెచ్‌ఓడీ "ఇవన్నీ పనిలేని పనులు" అంటారు. ఏం చెప్పమంటారు?

ఏం చెప్పకండి. మా దగ్గరా ఒక పెద్దాయన అలాగే అనేవారు. కిందటేడు వాళ్ల అపార్ట్‌మెంటు సెల్లారులోకి నీళ్లొస్తే, కారణం ఏమై ఉంటుందని నా పేజీ ప్రింటు తీసి అసోసియేషన్ మీటింగుకి పట్టుకెళ్లారట. నాతో మాత్రం అనలేదు, వాచ్‌మన్ చెప్పాడు.

మీకెప్పుడూ మానేద్దామనిపించలేదా?

రెండుసార్లు. ఒకసారి ఆరు నెలలు నిజంగానే మానేశాను. రాసింది నలభై మంది చదివారని లెక్క చూపిస్తుంటే, వాళ్లలో పదిమంది మా ఇంటివాళ్లేనని తెలిసినప్పుడు ఉత్సాహం ఎక్కణ్ణించి వస్తుంది? మళ్లీ మొదలుపెట్టింది ఆ సున్నా పట్టుకున్న అమ్మాయి వల్లే. ఈమధ్య ఇంకో ప్రశ్న పంపింది. బుడమేరు మీద వెలగలేరు రెగ్యులేటర్ షట్టర్లు ఎత్తితే సింగ్‌నగర్‌కి నీళ్లు రావడానికి ఎన్ని గంటలు పడుతుంది, ఆ గంటల్లో ఎంతమందికి చెప్పగలం అని. వాళ్లిల్లు అక్కడే. కాగితం మీద లెక్కకి ఒక జవాబు వచ్చింది గానీ, కాలవలో తూడు, పూడిక ఎంతుందో చూడకుండా దాన్ని నమ్మలేను. శనివారం లస్కరు గారిని బండి మీద ఎక్కించుకుని వెలగలేరు వెళ్తున్నాను. వచ్చాక రాస్తాను.